పేరు కలిసినా మనిషి కలవలేదు: ఒక నార్ఫోక్ కూలీ పుట్టుక కోసం సాగిన అన్వేషణ

నేపథ్యం

ఈ కుటుంబం ఎవరిదో గుర్తుపట్టే వీలు లేకుండా వ్యక్తుల పేర్లు, ఇంటిపేర్లు మార్చాను. కేసుకు కీలకమైన మూడు గ్రామాలను ఎ, బి, సి పారిష్‌లని (పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ఊరు) మాత్రమే పిలుస్తున్నాను. కౌంటీలు (జిల్లాల వంటివి), రికార్డుల స్వభావం, వాటి వెనుక ఉన్న చట్టాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఇంగ్లండ్ రికార్డులలో పూర్వీకులను వెతికేవారికి పేరు, వయసు, ప్రాంతం మూడూ సరిపోయే బాప్తిస్మ నమోదు ఒకటి కనబడగానే వెతుకులాట ముగిసిందనిపిస్తుంది. ఈ కేసులో కుటుంబం సరిగ్గా అక్కడే ఆగిపోయింది.

పూర్వీకుల రికార్డులు వెతికిపెట్టడం నా వృత్తి. ఈ పని అప్పగించిన క్లయింటు తన వంశవృక్షాన్ని చాలావరకు తానే శ్రద్ధగా నిర్మించుకున్నారు. 1838లో ఉత్తర ఇంగ్లండ్ కౌంటీ లాంకషైర్‌లోని ఒక నూలు మిల్లుల పట్టణంలో పెళ్లి చేసుకున్న జేమ్స్ వార్డ్ దాకా ఆయన వేసిన ప్రతి మెట్టుకూ జనన, వివాహ ధ్రువపత్రాలు ఉన్నాయి. ఆ పైమెట్టు మాత్రం ఇంటర్నెట్‌లో వేరొకరు పెట్టిన వంశవృక్షం నుంచి తీసుకున్నది. దాని ప్రకారం జేమ్స్ 1815 జూన్‌లో తూర్పు ఇంగ్లండ్ కౌంటీ నార్ఫోక్‌లోని ఎ పారిష్‌లో బాప్తిస్మం పొందాడు. తండ్రి జాన్ వార్డ్ సొంత సేద్యం ఉన్న రైతు, తల్లి ఎలిజబెత్. తమది భూమి పోగొట్టుకున్న రైతు కుటుంబమని ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాటకు ఇది బాగా అతికింది. ఈ లంకెను ఖరారు చేసి, రైతు వార్డుల వంశాన్ని 17వ శతాబ్దం దాకా తీసుకెళ్లాలన్నది ఆయన కోరిక.

సమస్య ఎక్కడ

పైకి వెళ్లేముందు జేమ్స్ గురించి తెలిసిన ప్రతి నమోదునూ అసలు పేజీలోనే మళ్లీ చదివాను. 1841 జనాభా లెక్కల్లో అతని వయసు 25 అని ఉంది. ఆ ఏడాది 15 దాటినవారి వయసును ఐదు సంవత్సరాల మెట్టుకు తగ్గించి రాయమని ఇంటింటి లెక్కలు రాసే ఎన్యూమరేటర్లకు సూచన ఉండేది గనుక, 25 అంటే 25 నుంచి 29 దాకా ఏదైనా కావచ్చు. పుట్టిన ఊరు అందులో ఉండదు. అదే కౌంటీలో పుట్టారా లేదా అన్నదే ఉంటుంది, జేమ్స్ విషయంలో లేదని ఉంది. 1851లో వయసు 36, పుట్టింది నార్ఫోక్‌లోని ఒక సంత పట్టణంలో. 1861లో వయసు 45, పుట్టింది బి పారిష్‌లో. 1871లో వయసు 56, ఊరి పేరు మాత్రం ఏ పటంలోనూ లేనిది. 1881లో వయసు 66, పుట్టిన చోటు నార్ఫోక్ అని మాత్రమే ఉంది.

ఈ అయిదింటిలో ఎక్కడా ఎ పారిష్ పేరు లేదు. అది సంత పట్టణానికి దగ్గర ఊరు గనుక పట్టణం పేరు చెప్పి ఉంటాడని వంశవృక్షం పెట్టినవారు సర్దిచెప్పుకున్నారు. దూరదేశంలో ఉన్నవాళ్లు తమ పల్లె పేరుకు బదులు దగ్గరి పట్టణం పేరు చెప్పడం మామూలే, అందులో తప్పులేదు. అయితే అదే వాదనతో ఆ పట్టణం చుట్టూ ఉన్న ఏ పల్లెనైనా ఎంచుకోవచ్చు. నార్ఫోక్‌లో ఆరు వందలకు పైగా పారిష్‌లు ఉన్నాయి, వార్డ్ అక్కడ అరుదైన ఇంటిపేరు కాదు, జేమ్స్, జాన్ అనే పేర్లు ప్రతి వీధిలోనూ ఉంటాయి. వయసులో కూడా 1861 లెక్క ఒక్కటే జూన్ బాప్తిస్మానికి చక్కగా సరిపోతోంది; 1841ని పక్కన పెడితే మిగిలిన మూడూ అతను 1815 ఏప్రిల్‌కు ముందే పుట్టాడని చెబుతున్నాయి. పుట్టిన కొన్ని నెలలకు బాప్తిస్మం ఇప్పించే కుటుంబాలు ఎన్నో ఉండేవి గనుక ఇదొక్కటే అభ్యంతరమైతే నేనూ దాన్ని పెద్దది చేయను.

1838 నాటి వివాహ నమోదులో తండ్రి పేరు జాన్ వార్డ్, వృత్తి కూలీ అని ఉంది. వంశవృక్షంలోని తండ్రి రైతు. పెళ్లిళ్లలో తండ్రి హోదాను కొంచెం పెంచి చెప్పుకున్నవారు చాలామంది కనిపిస్తారు. తగ్గించి చెప్పుకున్నవారు అరుదు. నా అనుమానం ఇక్కడ బలపడింది.

మొదట చేసినది: ఎ పారిష్ జేమ్స్‌ను వెంబడించడం

ఒక అభ్యర్థి నచ్చినప్పుడు అతనికి అనుకూలమైన ఆధారాలు పోగు చేయడం తేలిక. దానికి బదులు, ఆ బాప్తిస్మం పొందిన శిశువు చివరికి ఏమయ్యాడో తెలుసుకోవడానికే నేను ముందు పూనుకుంటాను. 1813 నుంచి అచ్చు ఫారాల రిజిస్టర్లు తప్పనిసరి అయ్యాయి. ఖనన నమోదులో వయసు, నివాసం రాయాల్సి రావడంతో పసితనంలో చనిపోయినవారిని గుర్తించడం అంతకు ముందుకాలంతో పోలిస్తే ఎంతో సులువు. ఎ పారిష్‌లోనూ దాని సరిహద్దు పారిష్‌లలోనూ ఈ జేమ్స్ ఖననం లేదు. అంటే అతను బతికి పెద్దవాడై ఉండాలి.

1851 జనాభా లెక్కల్లో అతను దొరికాడు. ఎ పారిష్‌లోనే, విధవ అయిన తల్లి ఎలిజబెత్‌తో కలిసి ఉన్నాడు. వయసు 35, పుట్టింది అక్కడే, వృత్తి గడిలో 80 ఎకరాల రైతు, ముగ్గురు కూలీలకు పని ఇస్తున్నాడు అని ఉంది. ఎకరాలు, కూలీల సంఖ్య చెప్పాలని రైతులను ఆ ఏడాది అడిగారు గనుక ఆ గడి అంత నిండుగా ఉంది. 1851 లెక్కలు మార్చి 30వ తేదీ రాత్రి ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో నమోదు చేసినవి. అదే రాత్రి లాంకషైర్‌లో మన జేమ్స్ భార్యాపిల్లలతో ఉన్నాడు. ఒకే మనిషి పొరపాటున రెండుచోట్ల లెక్కకు రావడం అసాధ్యమేమీ కాదు, అందుకే అక్కడితో వదలకుండా 1861, 1871 లెక్కలూ, రైతు తండ్రి జాన్ వీలునామా కూడా చూశాను. వీలునామా సేద్యాన్ని జేమ్స్ పేర రాసింది, తరువాతి లెక్కలు ఆ సేద్యం మీదే అతన్ని చూపించాయి. వీరిద్దరూ వేరు వేరు మనుషులనడంలో ఇక సందేహం మిగల్లేదు.

ఫలించని దారులు

తప్పు తండ్రిని తొలగించడం సగం పనే. అసలు తండ్రి కోసం మొదట తేలికగా అనిపించిన దారులన్నీ పట్టాను. 1811 నుంచి 1817 దాకా నార్ఫోక్ బాప్తిస్మాల సూచికల్లో జేమ్స్ వార్డ్ పేరున్న ప్రతి శిశువునూ తీసి, ఒక్కొక్కరినీ ఖననం దాకానో, వివాహం దాకానో, తరువాతి జనాభా లెక్కల దాకానో వెంబడించాను. అందరూ ఏదో ఒక చోట వేరే జీవితంలో తేలారు. లాంకషైర్ వెళ్లగలిగినవాడు ఒక్కడూ మిగల్లేదు. సూచికలో లేనంత మాత్రాన రిజిస్టర్‌లో లేదని చెప్పలేం కాబట్టి, సంత పట్టణం, బి పారిష్ రిజిస్టర్ల ఛాయాచిత్రాలను పేజీ పేజీ చదివాను. పారిష్‌ల నుంచి ఏటా బిషప్ కార్యాలయానికి వెళ్లిన నకళ్లనూ పక్కన పెట్టుకున్నాను. బి పారిష్‌లో జాన్ వార్డ్ అనే కూలీ కుటుంబం కనబడింది, కానీ వాళ్ల మొదటి సంతానం బాప్తిస్మం 1818లో జరిగింది. జేమ్స్ లేడు.

మరణ ధ్రువపత్రం ఎందుకు తెప్పించలేదని క్లయింటు అడిగారు. స్కాట్లండ్‌లో 1855 నుంచి మరణ నమోదులో తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ల విషయంలో ఆ గడే లేదు. అందులో మనకు దొరికేది వయసు, వృత్తి, కారణం, సమాచారం ఇచ్చిన వ్యక్తి పేరు మాత్రమే. ఈ కేసులో సమాచారం ఇచ్చింది కూతురు, ఆ సంగతి మనకు ముందే తెలుసు.

1834 పేదల చట్టం తరువాత, 1835 నుంచి 1837 మధ్య, తూర్పు ఇంగ్లండ్ పల్లెల్లో పని లేని కూలీ కుటుంబాలను మాంచెస్టర్, లీడ్స్‌లోని ఏజెంట్ల ద్వారా ఉత్తరాది మిల్లులకు పంపే ఏర్పాటు జరిగింది. జేమ్స్ 1838 నాటికి లాంకషైర్‌లో ఉన్నాడు గనుక, ఆ ఏర్పాటు కింద వెళ్లాడేమోనని నేషనల్ ఆర్కైవ్స్‌లోని పేదల చట్టం యూనియన్ల (పేదల సహాయం కోసం కలిపిన పారిష్‌ల సమూహాల) ఉత్తరప్రత్యుత్తరాలు చూశాను. అతని పేరు లేదు. సొంతంగా వెళ్లినవారి పేర్లు అలాంటి జాబితాల్లో ఉండవు గనుక దీని నుంచి నేను ఏ నిర్ణయమూ తీసుకోలేదు.

దారి మళ్లిన చోటు

నేరుగా పైకి పోయే దారి మూసుకుపోయినప్పుడు పక్కలకు విస్తరించడమే మిగిలిన మార్గం. జేమ్స్‌ను వదిలి అతని చుట్టూ ఉన్నవారిని, పెళ్లిలో సాక్షులను, పొరుగువారిని, అద్దెకున్నవారిని, పిల్లలందరినీ ఒక్కొక్కరిగా తీసుకున్నాను.

పిల్లల దగ్గర ఒక విచిత్రం కనబడింది. జనాభా లెక్కలు పదేళ్లకు ఒకసారి జరిగేవి; రెండు లెక్కల నడుమ పుట్టి చనిపోయిన బిడ్డ వాటిలో ఎక్కడా కనిపించడు. అలాంటి పిల్లలను పట్టుకోవడానికి జనన మరణాల నమోదు చూసే ప్రభుత్వ కార్యాలయం జనరల్ రిజిస్టర్ ఆఫీస్ 2016లో అందుబాటులోకి తెచ్చిన సూచిక గొప్ప సాధనం. పాత సూచికలో తల్లి పుట్టింటి ఇంటిపేరు 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచే ఉండేది, కొత్తదానిలో 1837 నుంచే ఉంది. తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు, రిజిస్ట్రేషన్ జిల్లా కలిపి వెతికితే కుటుంబానికి తెలియని ఒక కొడుకు బయటపడ్డాడు: విలియం రీవ్ వార్డ్, 1846లో పుట్టి ఏడాదైనా నిండకుండా చనిపోయాడు. కూలీల ఇళ్లలో బిడ్డకు మధ్యపేరుగా ఒక ఇంటిపేరు పెట్టారంటే దానికి సాధారణంగా కారణం ఉంటుంది. రీవ్ తల్లి పుట్టింటి పేరు కాదు. ఆమె తల్లి పుట్టింటి పేరూ కాదు. సమాధానం లేని ప్రశ్నగా దాన్ని విడిగా రాసి పెట్టుకున్నాను.

రెండో ఆధారం పొరుగున దొరికింది. 1851లో జేమ్స్ ఇంటికి రెండిళ్ల అవతల శామ్యూల్ వార్డ్, వయసు 28, పుట్టింది నార్ఫోక్, బి పారిష్. అంత దూరాన, ఒకే వీధిలో, ఒకే ఇంటిపేరుతో ఇద్దరు నార్ఫోక్‌వాళ్లు ఉండటం యాదృచ్ఛికం కావచ్చు. పదేళ్ల తరువాతి లెక్క ఆ అవకాశాన్ని తోసిపుచ్చింది. 1861 నాటికి భార్యను కోల్పోయిన శామ్యూల్ జేమ్స్ ఇంట్లోనే ఉంటున్నాడు. ఇంటి యజమానితో సంబంధం చెప్పే గడిలో సోదరుడు అని ఉంది.

ఇక శామ్యూల్ వెంట వెళ్లాను. 1822లో బి పారిష్‌లో అతని బాప్తిస్మం ఏ ఇబ్బందీ లేకుండా దొరికింది. తల్లిదండ్రులు జాన్, హన్నా వార్డ్. 1818లో మొదటి సంతానం నమోదైన కూలీ కుటుంబం అదే. అదే చర్చిలో 1817లో జరిగిన వారి పెళ్లి నమోదు తీసినప్పుడు వధువు పేరు హన్నా రీవ్ అని కనబడింది.

చనిపోయిన పసివాడి మధ్యపేరు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ తేలింది. అయితే పెళ్లి 1817లో జరిగితే, జేమ్స్ పుట్టింది 1815 ప్రాంతంలో. పెళ్లికి ముందు పుట్టిన బిడ్డ తల్లి ఇంటిపేరుతోనే రిజిస్టర్‌లోకి ఎక్కి ఉండాలి. వార్డ్ పేరుతో సాగిన వెతుకులాటలు ఎన్నయినా అతన్ని చూపించలేవు.

బాప్తిస్మం ఏ చర్చిలో జరిగింది? 1754 నుంచి 1837 దాకా వాడిన వివాహ ఫారంలో వయసు, తండ్రి పేరు ఉండవు. ఈ నమోదులో వధూవరులిద్దరూ ఈ పారిష్ వారే అని ఉంది గానీ, పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివిన పుస్తకం వేరే మాట చెప్పింది: వరుడు బి పారిష్ వాడు, వధువు సి పారిష్ స్త్రీ. ఇద్దరివి వేరు పారిష్‌లైతే ప్రకటన రెండు చోట్లా చదవాలి గనుక ఈ వివరాన్ని రాసినవారు జాగ్రత్తగానే రాసి ఉంటారు. సి పారిష్ రిజిస్టర్ తెరిస్తే 1815 మార్చి పేజీలో హన్నా రీవ్ కొడుకు జేమ్స్ ఉన్నాడు. తండ్రి పేరు ఉండాల్సిన చోట ఒక గీత, వృత్తి గడిలో అవివాహిత. తేమకు ఆ పేజీ అంచు నల్లబడి ఇంటిపేరులో రెండక్షరాలు చెదిరాయి; బిషప్ నకలులో అదే నమోదు స్పష్టంగా ఉంది.

1871 లెక్కలోని గుర్తుపట్టలేని ఊరి పేరు కూడా అప్పుడు విడింది. నార్ఫోక్ ఊళ్లలో రాతకూ పలుకుబడికీ పొంతన ఉండని పేర్లు చాలా ఉన్నాయి: విమండ్‌హామ్ అని చదవాలనిపించే ఊరిని స్థానికులు విండమ్ అంటారు, హాపిస్‌బర్గ్ అని కనిపించే ఊరిని హేజ్‌బరా అంటారు. సి పారిష్ అలాంటిదే. లాంకషైర్ ఎన్యూమరేటర్ చెవికి వినబడినది వినబడినట్టు రాశాడు. ఆ కాగితంలోని అక్షరాలను గట్టిగా పైకి చదివితే అది సి పారిష్ పేరే.

పరీక్షించిన తీరు

ఇక్కడ ఆగి ఉంటే, పాత వంశవృక్షం ఏ పద్ధతిలో కట్టారో అదే పద్ధతిని నేనూ పాటించినట్టు అయ్యేది. కథ బాగా అతికింది కాబట్టే దాన్ని పడగొట్టే ప్రయత్నం గట్టిగా చేయాలి. జేమ్స్ రీవ్ అనే శిశువు పసితనంలో చనిపోలేదని సి, బి, సంత పట్టణం ఖనన రిజిస్టర్లలో చూశాను. పెద్దయ్యాక అదే పేరుతో జీవించలేదని తేల్చడానికి 1841, 1851 లెక్కల్లో ఆ వయసున్న నార్ఫోక్ జేమ్స్ రీవ్‌లను తీశాను. ఇద్దరు దొరికారు, ఇద్దరికీ వేరే పారిష్‌లలో సొంత బాప్తిస్మాలు ఉన్నాయి.

నేరుగా చెప్పే సాక్ష్యం నార్ఫోక్ రికార్డ్ ఆఫీసులో, సంత పట్టణం పారిష్ పెట్టె (పారిష్ దస్తావేజులు భద్రపరిచిన పెట్టె) నుంచి వచ్చిన పేదల సహాయం కాగితాల్లో దొరికింది. 1662 చట్టం నుంచి సాగిన ఏర్పాటులో ప్రతి మనిషికీ ఏదో ఒక పారిష్‌లో సెటిల్‌మెంట్ హక్కు ఉండేది; కష్టం వస్తే ఆదుకోవాల్సింది ఆ పారిష్. 1829లో జాన్ వార్డ్ జబ్బుపడి సహాయం అడిగినప్పుడు, అతన్ని పోషించాల్సింది తామేనా అని తేల్చుకోవడానికి పట్టణం వాళ్లు ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు ప్రమాణం చేయించి విచారించారు. పెళ్లికి ముందు బి పారిష్‌లో ఒక రైతు దగ్గర ఏడాది జీతానికి కుదిరి ఆ ఏడాదంతా పనిచేశానని, దానివల్ల తన హక్కు అక్కడే ఉందని అతను చెప్పాడు. ఆ తరువాత భార్య హన్నా, పిల్లల పేర్లు వయసులతో సహా ఉన్నాయి. చివర విడిగా ఒక వాక్యం ఉంది: పెళ్లికి ముందు సి పారిష్‌లో పుట్టిన భార్య కొడుకు జేమ్స్, దాదాపు 14 ఏళ్లవాడు, తమతోనే ఉంటున్నాడని.

ఆ వాక్యం విడిగా ఎందుకు రాశారో తెలిస్తేనే దాని బలం అర్థమవుతుంది. వివాహేతర సంతానానికి 1834 దాకా పుట్టిన పారిష్‌లోనే సెటిల్‌మెంట్ హక్కు ఉండేది. తల్లి పెళ్లి చేసుకున్నా అది మారదు. అందువల్ల కుటుంబాన్ని బి పారిష్‌కు పంపాల్సి వస్తే జేమ్స్ బాధ్యత మాత్రం సి పారిష్‌ది. డబ్బు ఎవరిదన్న ప్రశ్న ఉంది గనుక గుమాస్తా ఆ కుర్రవాడిని మిగతా పిల్లల్లో కలపకుండా ప్రత్యేకంగా రాశాడు. ఎవరి గౌరవం కోసమో, వంశం కోసమో కాక ఖర్చు లెక్క కోసం రాసిన కాగితం కాబట్టే నేను దాన్ని ఎక్కువగా నమ్ముతాను. పైగా ఆ ఒక్క కాగితంలో సి, బి, సంత పట్టణం మూడూ వరుసగా వచ్చాయి: పుట్టింది ఒక చోట, పసితనం గడిచింది ఇంకో చోట, యౌవనానికి చేరింది మరో చోట. జనాభా లెక్కల్లో పదేళ్లకో ఊరి పేరు చెప్పిన జేమ్స్ అబద్ధాలు చెప్పలేదు. మూడూ అతని ఊళ్లే.

వివాహ నమోదులోని జాన్ వార్డ్, కూలీ అన్న మాటనూ నేను అబద్ధంగా లెక్కించలేదు. రెండేళ్ల వయసు నుంచి పెంచిన మనిషిని, తాను వాడుకుంటున్న ఇంటిపేరు ఇచ్చిన మనిషిని, అడిగినప్పుడు తండ్రిగా చెప్పాడు. ఆ గడిలో సవతి తండ్రి, తాత, పెంచినవారి పేర్లు తరచుగా కనిపిస్తాయి. అక్కడి పేరును రక్తసంబంధానికి తిరుగులేని రుజువుగా తీసుకోకూడదన్నది ఈ వృత్తిలో కొత్తగా అడుగుపెట్టేవారికి నేను మొదట చెప్పే మాట.

జాన్ వార్డే జేమ్స్ కన్నతండ్రి అయి, పెళ్లి ఆలస్యమైందా అన్న ప్రశ్న ఉంది. అప్పట్లో అలాంటివి తక్కువేమీ కావు. సి పారిష్ పెట్టెలో 1815 నాటి పోషణ ఉత్తర్వు దానికి జవాబిచ్చింది. హన్నా ప్రమాణం మీద ఇద్దరు మేజిస్ట్రేట్లు అదే పారిష్‌కు చెందిన ఒక వడ్రంగిని తండ్రిగా పేర్కొని, బిడ్డ కోసం వారానికి ఒక షిల్లింగు ఆరు పెన్నీలు చెల్లించాలని ఆదేశించారు. పేదల నిధి లెక్కల పుస్తకంలో అతని నుంచి డబ్బు జమ అయినట్టు రెండేళ్లపాటు నమోదులున్నాయి. హన్నా పెళ్లయిన కొద్దికాలానికి అవి ఆగిపోయాయి.

నివేదికలో రాసింది, నేర్చుకున్నది

జేమ్స్ రీవ్, జేమ్స్ వార్డ్ ఒక్కరేనని, తల్లి హన్నా రీవ్ అని రుజువైన విషయంగా రాశాను. వడ్రంగిని మాత్రం ఉత్తర్వులో పేర్కొన్న తండ్రి అని రాసి, వంశవృక్షంలో గీత కలపకుండా ఉంచాను. ఉత్తర్వు చట్టపరంగా చెల్లుతుంది, అతను డబ్బు కట్టాడు. అయినా దానికి మూలం ఒకరి ప్రమాణమే. ఈ రెండు స్థాయుల నమ్మకాన్ని ఒకే గీతతో చూపిస్తే తరువాత చదివేవారికి ఆ తేడా తెలియదు.

క్లయింటుకు ఈ ఫలితం చెప్పడం పరిశోధనంత కష్టమైన పని. రైతు వంశం పోయింది. భూమి పోగొట్టుకున్నారన్న మాటకు ఏ రికార్డులోనూ ఆధారం దొరకలేదు. అందుకని ఫలితాన్ని ముందు చెప్పకుండా, 1851 మార్చి 30 నాటి రెండు పేజీలను పక్కపక్కన పెట్టి ఆయననే చదవమన్నాను. ఎ పారిష్ రైతు తమవాడు కాడని ఆయన సొంతంగా గుర్తించాక మిగిలినది వినడానికి సిద్ధపడ్డారు. హన్నా గురించి తెలిశాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఆమె ఎన్నాళ్లు బతికిందని. 1841లో సంత పట్టణంలో భర్తతో ఉంది, 1849లో అక్కడే ఖననం జరిగింది.

ఈ కేసు తరువాత నా పని క్రమంలో ఒక మార్పు చేసుకున్నాను. వివాహ నమోదులో తండ్రి పేరు ఉండి, ఆ పేరుతో బాప్తిస్మం దొరకని ప్రతి సందర్భంలోనూ, వెతుకులాటను పక్క కౌంటీలకు విస్తరించే ముందే తోబుట్టువుల వెంట వెళ్లి తల్లిదండ్రుల పెళ్లి తేదీ చూస్తున్నాను. జనాభా లెక్కల్లో పుట్టిన ఊళ్లు వేరు వేరుగా ఉంటే ఒకదాన్ని ఎంచుకుని మిగతావాటిని తప్పులుగా కొట్టేయకుండా, అవన్నీ నిజమయ్యే జీవితం ఒకటి ఉండగలదా అని పటం మీద చూస్తున్నాను. పారిష్ పెట్టెల్లోని పేదల సహాయం కాగితాలు చాలావరకు ఇంటర్నెట్ సూచికల్లో ఉండవు. రికార్డ్ ఆఫీసు కేటలాగు చదివి, ఏ పారిష్‌కు ఏవి మిగిలాయో ముందుగా తెలుసుకుంటే ఎంతో సమయం కలిసివస్తుంది.

వడ్రంగి విషయంలో ఒక దారి ఇంకా తెరిచే ఉంది. క్లయింటు దాయాదుల్లో ఒకరు జేమ్స్ నుంచి తెగకుండా మగ సంతతిగా వచ్చినవారు. మగ సంతతి ద్వారా మాత్రమే సంక్రమించే వై క్రోమోజోమ్ డీఎన్‌ఏ పరీక్షకు ఆయన ఒప్పుకున్నారు. పోల్చి చూడటానికి వడ్రంగి మగ సంతతిలోనూ ఒకరు కావాలి. ఫలితం కలిస్తే తండ్రి ఆ కుటుంబంలోని మగవాడని తెలుస్తుంది, వడ్రంగేనా, అతని అన్నదమ్ముడా అన్నది డీఎన్‌ఏ చెప్పలేదు. కలవకపోతే నడుమ తరాల్లో ఎక్కడ తెగిందో రెండు వైపులా వెతకాలి. ప్రస్తుతం వడ్రంగి కొడుకులను 1841 లెక్కల నుంచి కిందికి అనుసరిస్తున్నాను. 1921 లెక్కల దాకా ఒక శాఖ చేరింది.